మన పిల్లలు, వాళ్ళ పిల్లలు



ఈ వారం నన్ను మాట్లాడమన్నప్పుడు నిర్వాహకులు ఒకటే షరతు పెట్టారు. "ఏదైనా చెప్పండి గాని, గ్రీన్‌కార్డు క్యూ గురించి మాత్రం వద్దు, విని విని విసుగెత్తి ఉన్నాం" అన్నారు. సరే, మన ఇళ్ళల్లో దానికంటే ఎక్కువగా నలిగే విషయం ఇంకోటుంది. పిల్లల స్కూళ్ళు.

మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు మూడు చూస్తారు. ఇల్లు తూర్పు ముఖమా కాదా, గుడికీ ఇండియన్ గ్రోసరీకీ ఎంత దూరం, స్కూలు రేటింగు ఎంత. మొదటి రెండిటి దగ్గరా ఎలాగో సర్దుకుంటాం. ఉత్తరమైనా ఫరవాలేదని మనకి కావలసిన పంతులుగారి చేత చెప్పించుకుంటాం. మూడోది మాత్రం పదికి తొమ్మిది లేకపోతే రియల్టరు కారు కూడా దిగం. నేనూ అంతే. మా ఇల్లు కొన్నప్పుడు వంటగది ఎలా ఉందో నాకు గుర్తు లేదు, స్కూలు రేటింగు మాత్రం గుర్తుంది.

మేమున్నది నార్త్ కరోలినాలో, షార్లెట్ చుట్టుపక్కల. ఏ కౌంటీయో, ఏ స్కూలో చెప్పను. చెబితే వచ్చే శనివారం గుళ్ళో నాకు పులిహోర పెట్టేవాళ్ళుండరు.

మూడేళ్ళ క్రితం మా వైపు కొత్త స్కూలు కట్టారు. కొత్త స్కూలు వస్తే హద్దులు మారతాయి. ఏ వీధి పిల్లలు ఏ స్కూలుకి వెళ్ళాలో మ్యాపు మళ్ళీ గీస్తారు. అలా గీసిన ఒక మ్యాపులో మా సబ్‌డివిజన్ పిల్లలు ఆరు మైళ్ళ అవతలున్న పాత స్కూలుకి వెళ్ళాలని ఉంది. అక్కడ సగానికి పైగా నల్లవాళ్ళ పిల్లలు, మధ్య అమెరికా దేశాల నించి వచ్చిన కుటుంబాల పిల్లలు. రేటింగు నాలుగు.

ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపు పడుకోలేదు. "ఇళ్ళ ధరలు పడిపోతాయి", "గొడవలు జరుగుతాయట", "మనం ఇంత పెట్టి కొన్నది ఇందుకా" అని ఒకటే గోల. పొద్దున్నకల్లా పిటిషను పెట్టాలని తేలింది. నేను కన్సల్టెంటుని కాబట్టి ఎక్సెల్ షీటు నా వంతుకి వచ్చింది. రెండు స్కూళ్ళ పరీక్ష మార్కులు, బస్సు ప్రయాణం నిమిషాలు, ఇళ్ళ ధరలు అన్నీ పెట్టి రంగురంగుల గ్రాఫులు వేశాను. పిటిషను మొదటి పేరా కూడా నేనే రాశాను. మాకు ఎవరిమీదా ద్వేషం లేదు, మా పిల్లలు మా ఇంటికి దగ్గరున్న స్కూల్లో చదవాలని మాత్రమే మా కోరిక అని దాని సారాంశం. చాలా మర్యాదగా రాశానని అందరూ మెచ్చుకున్నారు.

అదే నెలలో నాలుగో తరగతి చదివే మా అమ్మాయికి స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. మన ఊరి చరిత్రలో ఒక మనిషి గురించి పోస్టరు చెయ్యాలి. తనకి వచ్చిన పేరు డొరొతీ కౌంట్స్. నేను ఆ పేరు అంతకు ముందు వినలేదు. ఈ ఊళ్ళో పదేళ్ళ పైనుంచి ఉంటున్నాను.

అమెరికా సుప్రీంకోర్టు తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరువేరు ప్రభుత్వ పాఠశాలలు నడపటం రాజ్యాంగ విరుద్ధమని 1954 మే 17న తీర్పు చెప్పింది. దాన్ని బ్రౌన్ కేసు అంటారు. కేన్సస్‌లోని టొపీకాలో ఆలివర్ బ్రౌన్ అనే తండ్రి, తన కూతురు లిండాని ఇంటి దగ్గర స్కూల్లో చేర్చుకోలేదని కోర్టుకి వెళ్ళిన కేసు అది. ఆ పిల్ల రైలు పట్టాల పక్కనించి నడిచి, బస్సెక్కి, దూరంగా ఉన్న నల్లవాళ్ళ స్కూలుకి వెళ్ళేది. దగ్గర స్కూలు కావాలని అడిగినవాళ్ళలో ముందున్నది నల్లపిల్లల తల్లిదండ్రులు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

తీర్పు వచ్చిన మూడేళ్ళకి, 1957 సెప్టెంబరు 4న, షార్లెట్‌లో నలుగురు నల్లపిల్లలు నాలుగు తెల్లవాళ్ళ స్కూళ్ళలో అడుగు పెట్టారు. అందులో 15 ఏళ్ళ డొరొతీ ఒకతి, హార్డింగ్ హైస్కూల్లో. వాళ్ళ నాన్న హెర్మన్ కౌంట్స్ ఇక్కడి జాన్సన్ సి. స్మిత్ విశ్వవిద్యాలయంలో మతశాస్త్రం ప్రొఫెసరు. ఆనాటి ఫోటో ఒకటుంది, ఆ ఏటి ప్రపంచ ప్రెస్ ఫోటో బహుమతి దానికే వచ్చింది. గళ్ళ గౌను, మెడ దగ్గర పెద్ద రిబ్బను, తల పైకెత్తి నడుస్తున్న అమ్మాయి. వెనకాల మూతులు వంకర పెట్టి నవ్వుతున్న కుర్రాళ్ళ గుంపు. ఆ గుంపుని ఎగదోసినవాళ్ళలో పెద్దవాళ్ళున్నారు. తెల్లవాళ్ళ సంఘం ఒకదాని నాయకుడి భార్య, ఆ అమ్మాయిని ఆపమనీ, మీద ఉమ్మమనీ పిల్లలకి చెప్పింది. నాలుగు రోజులయ్యాక కౌంట్స్ దంపతులు కూతుర్ని ఆ స్కూలు మాన్పించి, ఫిలడెల్ఫియా వైపు బంధువుల దగ్గరికి పంపేశారు.

మా అమ్మాయి ఆ ఫోటోని పోస్టరు మధ్యలో అంటించి, చాలాసేపు చూసి అడిగింది. "నాన్నా, ఈ అబ్బాయిలు ఇంటికెళ్ళాక వాళ్ళ మమ్మీ డాడీ ఏమన్నారు?"

నాకు జవాబు తెలియలేదు. తెలుసుకుందామని ఆ శనివారం లైబ్రరీకి వెళ్ళాను. ఆ తర్వాత ఇంకో నాలుగు శనివారాలు వెళ్ళాను.

చదివితే అర్థమయిందేమిటంటే, ఆ ఉమ్మమన్న ఆవిడలాంటి వాళ్ళు కొద్దిమందే. 1960లో న్యూ ఆర్లీన్స్‌లో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ళ పిల్లని మార్షల్స్ కాపలాతో స్కూలుకి తీసుకొస్తే, గేటు దగ్గర నిలబడి అరిచిన తల్లులున్నారు. అరవకుండా తమ పిల్లల్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయినవాళ్ళు ఇంకా ఎక్కువమంది. రూబీ తరగతి గదిలో ఆ ఏడాదంతా ఒక పిల్ల, ఒక టీచరు. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే ఏకంగా ప్రభుత్వ స్కూళ్ళన్నిటికీ తాళం వేసేసింది, 1959 నించి 1964 దాకా. తెల్లపిల్లలకి ప్రైవేటు అకాడమీ పెట్టుకున్నారు. నల్లపిల్లలు వెయ్యిమందికి పైగా చదువు లేకుండా మిగిలారు.

నల్లపిల్లల తల్లిదండ్రుల సంగతి తలుచుకుంటే నాకు నిద్ర పట్టలేదు. రూబీని పంపటం వాళ్ళ నాన్నకి ఇష్టం లేదు, అమ్మ పట్టుబట్టింది. తండ్రి ఉద్యోగం పోయింది. మన పిల్లకి బస్సులో ఎవరో ఒక మాటంటేనే మనం ప్రిన్సిపాలుకి మూడు పేజీల ఈమెయిలు రాస్తాం. తెలిసి తెలిసి ఆరేళ్ళ పిల్లని ఆ గుంపులోకి ఎలా పంపారు? పంపకపోతే ఎప్పటికీ మారదని పంపారు. కౌంట్స్ గారిలాగా నాలుగు రోజులకి వెనక్కి తీసుకున్నా, అది ఓటమి అనటానికి నాకు నోరు రాదు.

ఇక మన ఊరికొస్తాను. ఇక్కడ మనకి ఒక చుట్టరికం కూడా ఉంది, వినండి.

డేరియస్ స్వాన్ అని నల్లజాతి ప్రెస్బిటేరియన్ మిషనరీ. ఆయనా, భార్య వీరా, మన ఇండియాలో కొన్నేళ్ళు పనిచేశారు. 1964లో తిరిగొచ్చి, కౌంట్స్ గారు పనిచేసిన ఆ విశ్వవిద్యాలయంలోనే చేరారు. కొడుకు జేమ్స్‌కి ఆరేళ్ళు. వాళ్ళింటికి దగ్గర్లోని సెవర్స్‌విల్ స్కూల్లో తెల్లపిల్లలు, నల్లపిల్లలు కలిసి చదువుతున్నారు. బోర్డు మాత్రం జేమ్స్‌ని నల్లపిల్లలే ఉన్న బిడిల్‌విల్ స్కూలుకి వెయ్యమంది. స్వాన్ గారు 1964 సెప్టెంబరులో బోర్డుకి ఉత్తరం రాశారు. మావాడు ఇండియాలో పెరిగాడు, జాతిని బట్టి వేరు చెయ్యటమంటే ఏమిటో వాడికి తెలియదు, అందరితో కలిసే ఆ గుణం పోకూడదని మా కోరిక అని ఆ ఉత్తరం సారాంశం. బోర్డు ఒప్పుకోలేదు. 1965 జనవరిలో కేసు పడింది.

చూశారా, ఇండియాలో పెరిగిన పిల్లవాడికి వేరు చెయ్యటమంటే తెలియదని ఆ తండ్రి నమ్మకంగా రాశాడు. అది చదివి నాకు సంతోషం వేసింది, వెంటనే సిగ్గూ వేసింది. ఎందుకో తర్వాత చెబుతాను.

స్వాన్ కుటుంబం తరఫున వాదించిన లాయరు జూలియస్ ఛాంబర్స్. 1965 నవంబరులో ఆయన ఇంటిమీద బాంబు వేశారు, 1971లో ఆఫీసు తగలబెట్టారు. కేసు విన్న జడ్జి జేమ్స్ మెక్‌మిలన్ మొదట్లో బస్సుల ఆలోచనకి అనుకూలుడేం కాదు. లెక్కలు చూశాక మారాడు. 1969లో షార్లెట్ నగరంలో ఉన్న దాదాపు 21,000 మంది నల్లపిల్లల్లో 14,000 మంది, పూర్తిగా గాని నూటికి 99 పాళ్ళకు పైగా గాని నల్లపిల్లలే ఉన్న స్కూళ్ళలో ఉన్నారు. తీర్పు వచ్చిన పదిహేనేళ్ళకి అదీ పరిస్థితి. పిల్లల్ని బస్సుల్లో అటూ ఇటూ పంపైనా కలపాలన్నాడు జడ్జి. 1971 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సరేనంది. ఆ తర్వాత దేశంలో ఎన్నో ఊళ్ళలో బస్సులు కదిలాయి.

ఇక్కడి తెల్లవాళ్ళు ఏం చేశారు? కన్సర్న్‌డ్ పేరెంట్స్ అసోసియేషన్ అని సంఘం పెట్టుకున్నారు. ఆందోళన చెందుతున్న తల్లిదండ్రుల సంఘం అన్నమాట. వేల సంతకాలు పోగుచేశారు, సభలు పెట్టారు, 1970లో తమవాళ్ళని స్కూలు బోర్డుకి గెలిపించుకున్నారు. వాళ్ళ వాదన చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. మాకు ఎవరిమీదా ద్వేషం లేదు, మా ఇంటి దగ్గర స్కూలు మాకు కావాలి, అంతే. అది నా పిటిషను మొదటి పేరా. యాభై ఏళ్ళ తర్వాత, ఇంకో రంగు మనిషి, ఇంకో కంప్యూటరులో, అదే మాట రాసుకున్నాడు.

అందులో అబద్ధం ఏముందంటారేమో. దగ్గర స్కూలు కావాలనుకోవటం తప్పు కాదు. కాని ఎవరు ఎక్కడ దగ్గరగా ఉండాలో దానంతటదే తేలిందా? ఈ ఊళ్ళో మయ్యర్స్ పార్కు లాంటి పేటల్లో ఇళ్ళ దస్తావేజుల్లోనే తెల్లవాళ్ళకి తప్ప అమ్మకూడదని రాసుకున్నారు. ఊరి నడిబొడ్డున బ్రూక్లిన్ అనే నల్లవాళ్ళ పేటని 1960లలో నేలమట్టం చేస్తే జనం పడమటి వైపుకి పోయారు. అంతకు ముందు దశాబ్దాల పాటు దగ్గర్లో ఉన్న తెల్ల స్కూలు దాటించి నల్లపిల్లల్ని దూరం పంపినప్పుడు, దగ్గర స్కూలు హక్కు ఎవరికీ గుర్తు రాలేదు. లిండా బ్రౌన్ నాన్న అడిగింది అదే కదా.

నల్లవాళ్ళందరూ సంబరపడ్డారనుకోవద్దు. కలపటం పేరుతో 1969లో నల్లవాళ్ళ స్కూళ్ళు మూసేశారు. వాళ్ళు ప్రాణంగా చూసుకున్న సెకండ్ వార్డ్ హైస్కూలు అలా పోయింది. మా పిల్లలే ఎందుకు బస్సెక్కాలి, మా స్కూళ్ళే ఎందుకు మూతపడాలని తల్లిదండ్రులు ఊరేగింపులు తీశారు. న్యాయమైన ప్రశ్న. మొదట్లో భారం నల్లపిల్లల మీదా, బీద తెల్లపిల్లల మీదా పడింది. డబ్బున్న ఆగ్నేయం వైపు పేటలు తప్పించుకున్నాయి.

అప్పుడు జరిగిందే ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం. 1973, 74లో తల్లిదండ్రులు, పౌరులు కలిసి ఒక సలహా సంఘంగా కూర్చున్నారు. నడిపించినావిడ మ్యాగీ రే అనే తెల్ల తల్లి. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు ఒక బల్ల చుట్టూ మ్యాపులు పరుచుకుని, బస్సు భారం అందరికీ సమానంగా పంచే పథకం రాశారు. ఊళ్ళో పెద్ద పెద్ద ఇళ్ళ పిల్లలు కూడా బస్సెక్కి, నల్లవాళ్ళ స్కూలుగా పేరున్న వెస్ట్ షార్లెట్ హైస్కూలుకి వెళ్ళారు. అందరూ మోస్తున్న భారం మీద ఫిర్యాదులు తగ్గాయి. అదే 1974 సెప్టెంబరులో బాస్టన్‌లో నల్లపిల్లల బస్సుల మీద రాళ్ళు పడుతుంటే, వెస్ట్ షార్లెట్ పిల్లలు బాస్టన్ పిల్లల్ని మా ఊరొచ్చి చూడండని పిలిచారు. పదేళ్ళ తర్వాత, 1984లో, ప్రెసిడెంటు రీగన్ ఈ ఊరొచ్చి బస్సుల పద్ధతి విఫలమయిందంటే, తనవాళ్ళే ఉన్న ఆ సభలో చప్పట్లు లేవు. మర్నాడు ఊరి పత్రిక, మీది పొరపాటని సంపాదకీయం రాసింది.

అది కూడా నిలవలేదు. 1997లో ఒక తెల్ల తండ్రి తన కూతురికి మ్యాగ్నెట్ స్కూల్లో సీటు రాలేదని కేసు వేశాడు. 1999లో జడ్జి ఆయన పక్షాన తీర్పిచ్చాడు, అప్పీళ్ళు 2002కి ముగిశాయి. పిల్లల్ని మళ్ళీ ఇంటి దగ్గర స్కూళ్ళకి పంపటం మొదలయింది, స్కూళ్ళు మళ్ళీ విడిపోయాయి. మన ఐటీ వాళ్ళం, బ్యాంకుల కన్సల్టెంట్లం, ఈ ఊరికి గుంపులుగా వచ్చిన కాలం కూడా ఇంచుమించు అదే. విడిపోయిన ఊరే మనకి అసలు ఊరనుకున్నాం. ఆ రేటింగు తొమ్మిది, నాలుగు అనేవి దేవుడు వేసిన మార్కులనుకున్నాం.

"మనం తెల్లవాళ్ళం కాదు, నల్లవాళ్ళమూ కాదు, ఈ గొడవ మనది కాదు" అని మా గ్రూపులో ఒకాయన అన్నారు. దానికి జవాబు కూడా లైబ్రరీలోనే దొరికింది. మిసిసిపీ రాష్ట్రంలో రోజ్‌డేల్ అనే ఊళ్ళో లమ్ అనే చైనా కొట్టు యజమాని ఉండేవాడు. తన కూతురు మార్తాని తెల్లవాళ్ళ స్కూలు నించి పంపేస్తే కోర్టుకెళ్ళాడు. పిల్లల్ని వేరు చెయ్యటం తప్పని కాదు ఆయన వాదన, మేం నల్లవాళ్ళం కాదు అని. 1927లో సుప్రీంకోర్టు, తెల్లవాళ్ళు కానివాళ్ళంతా ఒకటేనని కొట్టేసింది. ఆ కుటుంబం చివరికి రాష్ట్రం వదిలిపోయింది. బ్రౌన్ కేసూ, దాని వెనకాల ఉద్యమమూ లేకపోతే, 1965 వలస చట్టమూ లేదు, మనమూ లేము. మన పిల్లలు ఏ స్కూలు గేటు దగ్గర నిలబడేవాళ్ళో ఊహించుకోండి.

అప్పట్లో మా నాన్నగారు ఆరు నెలలకని ఇక్కడికొచ్చి ఉన్నారు. ఆయన గుంటూరు జిల్లాలో ప్రభుత్వ బడి పంతులుగా రిటైరయ్యారు. రాత్రి ఈ కథంతా చెబితే విని, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు. "నేను ఉద్యోగంలో చేరిన ఊళ్ళో మాలపల్లె పిల్లలు గోడవారన విడిగా కూర్చునేవాళ్ళురా. నేను అందర్నీ కలిపి కూర్చోబెడితే ఎవరూ నాతో గొడవ పడలేదు. పెద్దరైతులు ఒక్కొక్కరే వచ్చి, పట్నంలో చదువు బాగుంటుంది మేస్టారూ అని చెప్పి, నా చేతే టీసీ రాయించుకుని పోయారు. రెండేళ్ళలో బడి ఎవరిదో వాళ్ళకే మిగిలింది. ఆ తర్వాత పైకప్పు కారినా అడిగే నాథుడు లేడు."

నేనడిగాను, "మరి నన్నెందుకు ఆరో తరగతిలో పట్నం కాన్వెంటులో వేశారు నాన్నా?"

ఆయన నవ్వలేదు. "నేనూ టీసీ రాసుకున్నవాణ్ణేరా" అన్నారు.

స్వాన్ గారి ఉత్తరం చదివి సిగ్గు ఎందుకు వేసిందో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

మర్నాడు పిటిషను నించి నా పేరు తీసెయ్యమని గ్రూపులో రాశాను. ఎక్సెల్ షీటు నాదే కాబట్టి అదీ వాడొద్దన్నాను. గ్రూపు నిశ్శబ్దమయిపోయింది. ఒక అన్నయ్య ఫోన్ చేసి, "తమ్ముడూ, నీతులు చెప్పటం బాగానే ఉంటుంది, రేపు నీ కూతురు ఐవీ లీగుకి వెళ్ళకపోతే అప్పుడు చెప్పు" అన్నాడు. రెండు నెలలు మమ్మల్ని పాట్‌లక్‌కి ఎవరూ పిలవలేదు. మా ఆవిడ కూడా కోపంగానే ఉంది. "మీ మనసు ప్రశాంతంగా ఉండటానికి పిల్ల చదువు పణంగా పెడతారా?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు, ఇప్పటికీ లేదు. రకర్ జాన్సన్ అనే ఆర్థికశాస్త్రవేత్త 2019లో రాసిన పుస్తకంలో, కలిసి చదివిన తరం నల్లపిల్లలు చదువులో, సంపాదనలో, ఆరోగ్యంలో బాగుపడ్డారనీ, తెల్లపిల్లలకి నష్టమేమీ జరగలేదనీ లెక్కలతో చూపించాడని చెప్పాను. "మన పిల్ల లెక్క కాదు, పిల్ల" అంది. అదీ నిజమే.

చివరికి ఆ మ్యాపే ఖాయమయింది. కొంతమంది ఇళ్ళమ్ముకుని వెళ్ళారు, కొంతమంది ప్రైవేటులో వేశారు. మేం ఉండిపోయాం, ఇంకో పదకొండు కుటుంబాలు కూడా. కొత్త స్కూల్లో పిల్లల స్థాయికి మించిన లెక్కల క్లాసు లేదు. అది నిజమైన లోటు. మా పన్నెండు కుటుంబాలూ, అక్కడ ఎప్పటినించో ఉన్న తల్లులూ కలిసి అడిగాం. ఏడాది పట్టింది గాని వచ్చింది. ఆ క్లాసులో ఇప్పుడు మన పిల్లలతో పాటు వాళ్ళ పిల్లలూ ఉన్నారు. ఒక నల్లజాతి తల్లి నాతో అన్నమాట నేను మర్చిపోలేను. "ఈ క్లాసు కోసం మేం ఆరేళ్ళుగా అడుగుతున్నాం. మీరొచ్చాక వినపడింది." ఆవిడ కృతజ్ఞతలు చెప్పలేదు, దెప్పలేదు కూడా. ఉన్నమాట అంది.

మా అమ్మాయికి మొదటి ఆరు నెలలూ కష్టమే అయింది. పాత స్నేహితురాలు దూరమయిందని ఏడ్చింది. ఇప్పుడు ఇద్దరు కొత్త స్నేహితులున్నారు, ఒకరింట్లో పుట్టినరోజుకి వెళ్ళి, అక్కడ మాకరోనీ తిని, మన ఇంట్లో అలా ఎందుకు చెయ్యవని వాళ్ళమ్మ మీద అలిగింది. మా ఆవిడ ఆ తల్లిని రెసిపీ అడిగింది.

డొరొతీ కౌంట్స్ గారికి హార్డింగ్ హైస్కూలు 2008లో గౌరవ డిప్లొమా ఇచ్చింది. ఆవిడ తర్వాత మళ్ళీ ఈ ఊరికే వచ్చి, చిన్నపిల్లల సంరక్షణ రంగంలోనే పనిచేశారు. ఆ ఫోటోలో ఉన్న కుర్రాళ్ళలో ఒకాయన ముసలితనంలో ఆవిడ దగ్గరికొచ్చి క్షమాపణ అడిగాడు.

ఆ కుర్రాళ్ళ అమ్మానాన్నలు ఇంటి దగ్గర ఏమన్నారో నాకింకా తెలియదు. చాలామంది ఏమీ అనలేదేమో అనుకుంటున్నాను. భోజనాలు వడ్డించి, హోంవర్కు చూసి, దీపాలార్పి పడుకుని ఉంటారు. మంచి తల్లిదండ్రులే అయి ఉంటారు.

మీ వైపు కూడా ఏదో ఒక రోజు మ్యాపు మారుతుంది. అప్పుడు పిటిషను మీద సంతకం పెట్టేముందు, ఒక్కసారి ఆ అవతలి స్కూలుకి వెళ్ళి, ఒక పూట కూర్చుని రండి. నేను ఆ పని చెయ్యకుండానే గ్రాఫులు వేశాను. అంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

 వచ్చే శనివారం గుళ్ళో కలుద్దాం. పులిహోర మిగిల్చి ఉంచండి. సెలవు.